పొదిగే బిళ్ల సగంలోనే ఎందుకు ఇరుక్కుంటోంది?

ప్రశ్న: రెండేళ్లుగా చెక్కపట్టీలు అతికి కటింగ్ బోర్డులు చేస్తున్నాను. వాటిలో వేరే రంగు చెక్కతో ఆకు ఆకారాన్ని పొదగాలని ఉలితో గుంట తీసి ప్రయత్నిస్తే చుట్టూ సందులు పడ్డాయి. రెండు పలకలను ఒకదాని మీద ఒకటి ఉంచి, వాలుగా ఒకేసారి కోసే డబుల్ బెవెల్ పద్ధతిలో సందు రాదని విని, సన్నని బ్లేడుతో వంపులు కోసే స్క్రోల్ సా యంత్రం కొన్నాను. 6 మిల్లీమీటర్ల పలకలు రెండు తీసుకుని, ఎవరో చెప్పినట్టు యంత్రం బల్లను 7 డిగ్రీలు వంచి కోశాను. పై పలకలో తెగిన ఆకు బిళ్ల కింది పలక రంధ్రంలోకి సగం కూడా దిగకుండా ఇరుక్కుపోయింది. కొయ్యసుత్తితో కొడితే కింది పలక చీలింది. కోణాన్ని ఎలా నిర్ణయించుకోవాలి? ఏ చెక్క పైన ఉండాలి? ఇప్పటికే తయారైన 20 మిల్లీమీటర్ల బోర్డులో ఈ పని చేయవచ్చా? నీళ్లు, కత్తి తగిలే వస్తువులో ఆ బిళ్ల నిలుస్తుందా? చీలిన పలకను ఏం చేయాలి?

సమాధానం: మీ చేతిలో గాని, మీ యంత్రంలో గాని లోపం ఉన్నట్టు నాకు కనిపించడం లేదు. 7 డిగ్రీలు అనే అంకె కూడా తప్పు కాదు. అది మరో మందానికి సరిపోయే అంకె. మీకు ఆ మాట చెప్పినవారు బహుశా రెండున్నర మిల్లీమీటర్ల పలుచని పలకలతో పని చేసేవారై ఉంటారు. ఈ పద్ధతిలో మందం చెప్పకుండా కోణం చెప్పడం, ఊరి పేరు చెప్పకుండా దూరం చెప్పడం వంటిది.

కారణం తెలిస్తే లెక్క మీరే వేసుకోగలుగుతారు. రంపం ఎంత సన్ననిదైనా తాను నడిచిన దారిలోని చెక్కను పొట్టుగా మార్చి పారేస్తుంది. ఆ దారిని కోత చాలు అనుకుందాం. రెండు పలకలను జతచేసి నిట్టనిలువుగా కోస్తే, ఒకదానిలో తెగిన బిళ్ల రెండో దానిలోని రంధ్రం కన్నా చుట్టూ ఒక చాలు వెడల్పు మేరకు చిన్నదవుతుంది. ఫ్రాన్సులో ఆంద్రే షార్ల్ బూల్ (1642–1732) పేరుతో ప్రసిద్ధమైన పనితనంలో ఇత్తడి రేకును, తాబేటి చిప్పను ఇలాగే పేర్చి ఒకేసారి కోసేవారు. చిప్పలో ఇత్తడి పొదిగిన జత ఒకటి, ఇత్తడిలో చిప్ప పొదిగిన జత మరొకటి, ఇలా ఒక కోతకు రెండు అలంకరణలు దక్కేవి. నిలువు కోతలో సన్నని సందు తప్పదు. బల్లను కొద్దిగా వంచి కోసినప్పుడు బిళ్ల అంచు, రంధ్రం అంచు ఒకే వాలుతో తయారవుతాయి గనుక, పై పలకలోని బిళ్ల కిందికి దిగుతున్నకొద్దీ దాని వెడల్పైన భాగం రంధ్రంలోకి వచ్చి, రంపం తినేసిన చాలును పూడ్చుకుంటూ, ఒకచోట గట్టిగా బిగుసుకుని ఆగిపోతుంది. అది సరిగ్గా రెండు ఉపరితలాలు సమమయ్యే చోట ఆగేలా చూసుకోవడమే ఈ విద్యలోని కిటుకు. అయితే రంధ్రంలోంచి వచ్చిన కింది బిళ్ల, పై పలకలో మిగిలిన రంధ్రం ఒకదానికొకటి పనికిరావు; వాటి మధ్య సందు రెండింతలవుతుంది. బూల్ పనిలో దక్కే రెండో జత మీకు దక్కదు.

లెక్క ఇది: కోత చాలు వెడల్పును పై పలక మందంతో భాగిస్తే వచ్చేది వంపు కోణపు సైన్ విలువ. 1వ నంబరు బ్లేడు చాలు సుమారు 0.3 మిల్లీమీటర్లు అనుకుంటే, 6 మిల్లీమీటర్ల పలకకు 0.3ను 6తో భాగిస్తే 0.05 వస్తుంది, దానికి సరిపడే కోణం దాదాపు 2.9 డిగ్రీలు. పలక 3 మిల్లీమీటర్లయితే 5.7 డిగ్రీలు, ఒకటిన్నర మిల్లీమీటర్లయితే 11.5 డిగ్రీలు కావాలి. మీరు 6 మిల్లీమీటర్ల పలకకు 7 డిగ్రీలు ఇచ్చారు కాబట్టి బిళ్ల రెండున్నర మిల్లీమీటర్లు దిగగానే చాలు పూర్తిగా పూడిపోయింది. మిగిలిన మూడున్నర మిల్లీమీటర్లు దిగడానికి చోటే లేదు. సుత్తి దెబ్బకు ఆ బిళ్ల మేకులా పనిచేసి పలకను చీల్చింది.

లెక్కలో పై పలక మందం అన్నాను, కింది పలక మందం అనలేదు. బిళ్ల పైముఖం కింది పలక పైముఖంతో సమం కావడానికి ప్రయాణించవలసిన దూరం పై పలక మందమే. రెంటి మధ్య మీరు అతికించే, రెండువైపులా అంటుకునే టేపు మందం కూడా ఆ దూరంలో కలుస్తుంది గనుక, టేపు వేసి కోయదలచుకుంటే పరీక్ష ముక్కలకు కూడా అదే టేపు వేయాలి. టేపు లేకుండా పరీక్షించి, అసలు పలకలకు టేపు వేసి, బిళ్ల ఎందుకు పైకి తేలి ఆగిపోయిందో తెలియక తల పట్టుకున్నవారిలో నేనూ ఒకడిని.

లెక్క మిమ్మల్ని సరైన చోటికి దగ్గరగా తీసుకువెళుతుంది తప్ప అక్కడే దింపదు. బ్లేడు పళ్లు పక్కలకు ఎంత వంగి ఉన్నాయో, చెక్క ఎంత గట్టిదో, మీ చేయి ఎంత బలంగా తోస్తుందో అనేదాన్ని బట్టి చాలు వెడల్పు కాస్త మారుతుంది. అందువల్ల అసలు పలకల నుంచే, అదే మందంలో కోసి పెట్టుకున్న తునకల మీద 25 మిల్లీమీటర్ల వలయం ఒకటి కోసి చూడండి. బిళ్ల పైకి తేలి ఆగిపోతే కోణం ఎక్కువైనట్టు. ఉపరితలం కన్నా కిందికి దిగిపోతే కోణం చాలనట్టు. 6 మిల్లీమీటర్ల పలకలో పావు డిగ్రీ తేడాకు బిళ్ల దాదాపు అర మిల్లీమీటరు పైకో కిందికో జరుగుతుంది. ఇంత సూక్ష్మమైన తేడాను బల్ల కింద అచ్చు వేసిన కొలబద్దలో చదవడం కష్టం కాబట్టి, డిజిటల్ కోణమాపకం ఒకటి దగ్గర ఉంచుకోవడం మంచిది. దాని కన్నా ముందు బల్ల సున్నా నిజంగా సున్నానో కాదో తేల్చుకోవాలి: మందపాటి దిమ్మెలో ముందు నుంచి చిన్న గాటు పెట్టి, దిమ్మెను బల్ల మీదే తిప్పి అదే గాటును బ్లేడు వెనక నుంచి చేర్చండి. బ్లేడు వీపు ఆ గాటులోకి తడుముకోకుండా జారితే బల్ల మూలమట్టంగా ఉన్నట్టే. చివరికి బిళ్ల వెంట్రుకవాసి ఎత్తుగా నిలిచే కోణాన్నే ఎంచుకోండి; ఎత్తుగా ఉన్న బిళ్లను ఉప్పుకాగితంతో రుద్ది సమం చేయవచ్చు గాని, లోతుకు దిగిన బిళ్ల కోసం బోర్డంతటినీ అరగదీయవలసి వస్తుంది.

ఏ చెక్క పైన ఉండాలన్న మీ ప్రశ్నకు సమాధానం మీరు ఆకారాన్ని బ్లేడుకు ఏ పక్కన ఉంచి కోస్తారన్న దాని మీద ఆధారపడుతుంది. చాలా యంత్రాలలో బల్ల ఎడమకు వంగుతుంది. అప్పుడు ఎడమది పల్లం, కుడిది మెరక. పొదగవలసిన ఆకారం బ్లేడుకు పల్లం వైపున ఉండేలా కోస్తే బిళ్ల పైన వెడల్పుగా, అడుగున సన్నగా, సీసా బిరడాలా వస్తుంది. పై పలకలోని బిళ్ల కిందికి దిగి బిగుస్తుంది. ఆకారాన్ని మెరక వైపున ఉంచి కోస్తే అంతా తారుమారై, కింది పలక బిళ్లను పైకి నెట్టవలసి వస్తుంది. రెండూ చెల్లుతాయి. అయితే గీత మీ కళ్ల ముందే ఉంటుంది, బిళ్ల బిగుసుకోవడం కూడా పై నుంచే కనిపిస్తుంది గనుక, పొదిగే చెక్కను పైన, బోర్డు చెక్కను కింద ఉంచి, ఆకారాన్ని పల్లం వైపుకే పట్టుకోవడం నేర్చుకొనేవారికి సులువు.

మొదలుపెట్టిన పక్కను కోత పూర్తయ్యేదాకా మార్చకూడదు. చేయి తిరగని వంపు దగ్గర బ్లేడును వెనక్కి తీసి, మరో చివర నుంచి ఎదురు దిశలో కోసుకు వద్దామన్న ఆలోచన నిలువు కోతలో మామూలే. ఇక్కడ అదే చేస్తే సగం అంచు లోపలికి, సగం అంచు బయటికి వాలుతుంది. మొదటి రోజుల్లో నేను అలా కోసిన ఒక ఆకు కిందికీ దిగలేదు, పైకీ రాలేదు. దాన్ని బయటికి తీయడానికి ఆకును ముక్కలు చేయవలసి వచ్చింది. ఇదే కారణంగా మొనదేలిన మూలలు కూడా ఇబ్బంది పెడతాయి. మూల దగ్గర చెక్కను బ్లేడు చుట్టూ గిరుక్కున తిప్పినప్పుడు వాలు దిశ కూడా చెక్కలో తిరుగుతుంది కాబట్టి ఒక ముఖం మీద మూల కొంత అరిగిపోతుంది. మొదటి నమూనాలో ఆకు కొసను కాస్త గుండ్రంగా గీసుకోండి.

బ్లేడు దూర్చే రంధ్రం విషయంలో చాలామంది తొందరపడతారు. 1వ నంబరు బ్లేడుకు ఒక మిల్లీమీటరు, వీలైతే అంతకన్నా సన్నని డ్రిల్లు బిట్ చాలు. రంధ్రం గీత మీదే, ఆ చోట కోత ఎటు వాలుతుందో అటే వాలేలా పడాలి. నిలువుగా పడితే అడుగున గీత నుంచి తప్పుకుంటుంది. ఆకుకు కాడ పొదిగే ఉద్దేశం ఉంటే, కాడ తరువాత కప్పేసే చోటే ఆకు రంధ్రం వేయండి. దాని జాడ కూడా మిగలదు. పైముఖం మీద పారదర్శకమైన ప్యాకింగ్ టేపు అంటించి, నమూనా కాగితాన్ని దాని మీద అతికితే కోత అంచులు మాడడం తగ్గుతుంది. బ్లేడును మీటితే స్పష్టంగా మోగేటంత బిగించి, యంత్రాన్ని నెమ్మదైన వేగంలో నడపండి. చెక్కను పక్కకు నొక్కితే బ్లేడు విల్లులా వంగి, మీరు కష్టపడి కుదిర్చిన కోణం ఆ చోట మారిపోతుంది.

ఒకటి కన్నా ఎక్కువ ముక్కలుంటే, బొమ్మలో వెనకగా కనిపించేదాన్ని ముందుగా, ముందుగా కనిపించేదాన్ని చివరగా పొదగాలి. ఆకును పొదిగి జిగురు ఆరిన తరువాత, దాని మీదుగా వెళ్లే కాడను కోస్తే ఒకే కోత ఆకును, నేపథ్యాన్ని కలిపి తెంచుతుంది. రెండు ముక్కల అంచులను విడివిడిగా సరిచూడవలసిన పని ఉండదు. ప్రతి దఫా తరువాత పలక రెండు ముఖాలనూ సమంగా రుద్దుకోవాలి, లేకపోతే తరువాతి పలక దాని మీద కుదురుగా కూర్చోదు. రుద్దడం వల్ల నేపథ్యపు పలక కొద్దిగా పలచబడుతుంది గాని, లెక్కకు వచ్చేది పై పలక మందమే కాబట్టి, పొదిగే చెక్కలన్నింటినీ ఒకే మందానికి చిత్రిక పట్టి ఉంచుకుంటే కోణాన్ని మళ్లీ వెదకవలసిన అవసరం రాదు.

ఇక 20 మిల్లీమీటర్ల బోర్డు సంగతి. లెక్క ప్రకారం దానికి కావలసిన కోణం 0.86 డిగ్రీలు. ఆ కోణంలో పావు డిగ్రీ ఎక్కువైతే బిళ్ల నాలుగున్నర మిల్లీమీటర్లు పైకి తేలి ఆగిపోతుంది. పైగా రెండు పలకలూ కలిపి 40 మిల్లీమీటర్ల గట్టి చెక్కను సన్నని బ్లేడుతో కోయాలి. బ్లేడు మధ్యలో ఉబ్బి అంచు పీపాలా తయారవుతుంది. ఎంతో అనుభవం ఉన్నవారికి కూడా నేను దీన్ని సిఫారసు చేయను. దానికి బదులు మరో దారి ఉంది. బోర్డు చెక్కనుంచే, పట్టీలాంటి బ్లేడు తిరిగే బ్యాండ్ సా యంత్రం మీద, పైముఖం వైపు ఏడు మిల్లీమీటర్ల పలకను చీల్చి తీసి, దాన్ని ఆరుకు చదును చేసి, దానిలో పొదుగుడు పని పూర్తి చేసి, అడుగు ముఖాన్ని కూడా నునుపు చేసి, అది ఏ చోటునుంచి వచ్చిందో అదే చోట, అదే దిశలో తిరిగి అతికించండి. రెండూ ఒకే చెక్క, ఒకే నార గనుక తేమకు కలిసి ఉబ్బుతాయి, కలిసి తగ్గుతాయి. పక్క అంచున అతుకు గీత దాదాపు కనిపించదు. చీల్చిన పలుచని పలకను ఊరికే వదిలేస్తే దోనెలా వంగిపోతుంది, కాబట్టి పని లేనప్పుడు చదునైన బరువు కింద ఉంచాలి. మీ పాత బోర్డు పట్టీలు అతికి చేసినదైనా ఈ దారి పనికివస్తుంది; పట్టీల గీతలు కలిసేలా తిరిగి అమర్చుకుంటే చాలు. నూనె పట్టించిన బోర్డయితే జిగురు సరిగా పట్టదు కనుక దాని జోలికి వెళ్లకండి.

ఆరు మిల్లీమీటర్లనే ఎందుకు అంటున్నానో కూడా చెప్పాలి. పలుచని రేకులతో చేసిన పొదుగుడు పెట్టె మూతకు అందం గాని, కత్తి కింద అది ఎక్కువ కాలం నిలవదు. బోర్డు ఏడాదికో రెండేళ్లకో గాట్లు పడి, మళ్లీ రుద్దించుకునే వస్తువు. 3 డిగ్రీల వాలు ఉన్న అంచులో ఒక మిల్లీమీటరు మందం అరగదీస్తే బొమ్మ గీత కేవలం 0.05 మిల్లీమీటర్లు జరుగుతుంది. రెండు అంచులూ ఒకే వాలులో ఉంటాయి గనుక సందు తెరుచుకోదు. ఉలితో తీసిన గుంటలో కూర్చోబెట్టిన ముక్కకు ఈ భరోసా ఉండదు. అయినా నా మాట వింటే బొమ్మను బోర్డు నడిమధ్యన కాకుండా పిడి దగ్గరో, ఒక మూలనో ఉంచండి. ఒక ముఖాన్ని కోతకు, బొమ్మ ఉన్న ముఖాన్ని వడ్డనకు కేటాయిస్తే మరీ మంచిది. ఎంతో ఓపికతో పొదిగిన ఆకు మీద రోజూ కత్తి ఆడించడానికి ఎవరికైనా మనసు రాదు.

నీళ్ల సంగతికి వస్తే, బిళ్లను వదులు చేసేది నీరు మాత్రమే కాదు, నార దిశ కూడా. చెక్క పొడవునా కదలిక నామమాత్రం, అడ్డంగా కదలిక ఎక్కువ. బిళ్ల నారను బోర్డు నారకు అడ్డంగా పెడితే ఒకటి ఉబ్బేటప్పుడు మరొకటి కదలక, ఏళ్లు గడిచేకొద్దీ అంచు చిట్లుతుంది. ఆకు సన్ననిదైతే అడ్డు నార చూడడానికి బాగుంటుందన్న ప్రలోభం కలుగుతుంది. చేయి వెడల్పు దాటే బొమ్మలో మాత్రం ఆ పని వద్దు. రెండు చెక్కలనూ పనికి ముందు రెండు వారాల పాటు ఒకే గదిలో పక్కపక్కనే ఉంచండి.

చెక్కల ఎంపికలో మేపుల్, వాల్‌నట్, చెర్రీ వంటి సన్నని రంధ్రాల గట్టి చెక్కలు పదే పదే పనికివస్తాయి. టేకులో ఇసుకగుణం బ్లేడును త్వరగా మొద్దుబారుస్తుంది, దాని సహజమైన నూనె జిగురును అడ్డుకుంటుంది. వాడితే అతికే ముందు అంచును ఆల్కహాలుతో తుడవాలి. రోజ్‌వుడ్ జాతి చెక్కల పొట్టు కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది. ఏ చెక్క పొట్టయినా ఊపిరితిత్తులకు హానికరమే కనుక మాస్కు తప్పనిసరి. ఎర్రని పడౌక్ పక్కన తెల్లని మేపుల్ పెట్టదలిస్తే, రుద్దేటప్పుడు ఎర్రపొడి తెల్లచెక్క రంధ్రాల్లోకి ఎక్కి మరక పడుతుందని గుర్తుంచుకుని, తడిబట్టతో తుడవకుండా వాక్యూమ్‌తో లాగేయండి.

జిగురు నీటిని తట్టుకొనేదై, ఆరాక ఆహారం తగిలినా పరవాలేదని తయారీదారు చెప్పినదై ఉండాలి. టైట్‌బాండ్ 3 అలాంటిదే. ఇవి నీటితో చేసిన జిగుర్లు గనుక తడి తగలగానే అంచు ఉబ్బుతుంది. ఆలస్యం చేస్తే, పొడిగా ఉన్నప్పుడు చక్కగా దిగిన బిళ్ల కూడా సగంలో ఆగిపోతుంది. అందుకని క్లాంపు, చదునైన దిమ్మె, వాటి మధ్య ప్లాస్టిక్ కాగితం ముందే సిద్ధం చేసుకుని, అంచుకు పలచగా జిగురు పూసి, వెంటనే క్లాంపుతో నొక్కండి. సుత్తి దగ్గర పెట్టుకోకండి.

పై పూత గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. వార్నిష్ పొర కత్తికి లేచిపోతుంది. తినే వస్తువులకు పనికివచ్చే మినరల్ ఆయిల్, దాని మీద తేనెమైనం చాలు. 220 నంబరు ఉప్పుకాగితం తరువాత ఒకసారి తడి చేసి, ఆరనిచ్చి, లేచిన నారను మళ్లీ రుద్దితే, వాడకంలో తొలి కడుగుకే బోర్డు గరుకెక్కదు. నీటిలో నానబెట్టకుండా, డిష్‌వాషరులో వేయకుండా, కడిగిన వెంటనే నిలువుగా ఆరబెట్టుకుంటే మీ బిళ్ల భద్రంగా ఉంటుంది.

చీలిన పలకను పారవేయకండి. చీలిక నార వెంట పోయి ఉంటుంది కాబట్టి దాన్ని రెండుగా విడదీసి, ఒక్కో సగం నుంచి నాలుగైదు పరీక్ష తునకలు తీయవచ్చు. అది మీరు వాడిన 6 మిల్లీమీటర్ల చెక్కే కదా. మీ బ్లేడుకు, మీ చేతికి తగిన కోణాన్ని తేల్చడానికి అంతకన్నా సరైన తునకలు మీకు దొరకవు. మొదటి వలయాన్ని 3 డిగ్రీల దగ్గర కోసి, బిళ్ల ఎంత ఎత్తున ఆగిందో కొలిచి, తునక వెనకనే కోణం, బ్లేడు నంబరు, టేపు ఉందో లేదో పెన్సిలుతో రాసి దాచుకోండి.